ముందు కుర్చీ, తర్వాత భాష

తార్నాక కూడలి నుంచి ఉత్తరంగా వెళ్తే లాలాగూడ దాటాక మల్కాజ్‌గిరి, దక్షిణంగా తిరిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. పూర్వం ఇక్కడి తోటలకు వేసిన తీగ కంచె దగ్గరి చౌకీయే ఈ పేటకు పేరైందంటారు. ప్రభుత్వాలు భాషల మీద డబ్బు ఎన్ని రకాలుగా ఖర్చుపెట్టగలవో చూడాలంటే ఈ చుట్టుపక్కలే తిరిగితే చాలు. లోకంలోని శాస్త్రాలన్నీ ఉర్దూలో చెప్పాలని పుట్టిన విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. ఇంగ్లీషు పంతుళ్ళకు తర్ఫీదు ఇవ్వడానికి పుట్టి, ఇవాళ అరబ్బీ నుంచి కొరియన్ దాకా నేర్పుతున్న ఇఫ్లూ ఆ పక్కనే ఉంది. అమెరికా చరిత్ర, సాహిత్యం చదవడానికి దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు వచ్చిన గ్రంథాలయం కూడా ఉస్మానియా ఆవరణలోనే వెలిసింది. ఈ వ్యాసం పట్టించుకునేది ఆ ఖర్చుల్లో ఒక్క రకాన్ని మాత్రమే. ‘ఎక్కువమంది నేర్చుకోని ఫలానా భాష నేర్చుకో, ఖర్చు మేం పెట్టుకుంటాం, బదులుగా మా కొలువు చెయ్యి’ అనే బేరం అది. ఈ బేరం ఎప్పుడు ఫలిస్తుందని అడిగితే చాలామంది బాండు గట్టిగా రాయించుకున్నప్పుడు అంటారు. చరిత్ర చూస్తే నాకు అలా అనిపించదు. బాండు కాగితం బలం కన్నా, చదువు ముగించి వచ్చినవాడు కూర్చోవడానికి కుర్చీ సిద్ధంగా ఉందా లేదా అన్నదే ఫలితాన్ని తేల్చింది.

ఇప్పుడు ఈ బేరానికి లోకప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాది. 1991లో సెనేటర్ డేవిడ్ బోరెన్ చొరవతో వచ్చిన చట్టం కింద, అక్కడి విద్యార్థులు తమ దేశంలో అరుదుగా నేర్పే భాషలను ఆ భాష మాట్లాడే దేశానికి వెళ్ళి నేర్చుకోవడానికి ధనసహాయం ఇస్తారు. డిగ్రీ విద్యార్థికి 25,000 డాలర్ల దాకా దొరుకుతుంది. తిరిగొచ్చాక కనీసం ఏడాది పాటు దేశ భద్రతతో సంబంధమున్న ప్రభుత్వ శాఖలో పనిచేయాలి, లేదా డబ్బు తిరిగి కట్టాలి. ఎనిమిది కోట్లమందికి పైగా మాట్లాడే తెలుగు ఆ పథకం కింద నేర్చుకోదగ్గ భాషల జాబితాలో ఉంది. మనకిది వింతగా తోచవచ్చు గాని, ‘అరుదైన భాష’ అన్న మాటకు మాట్లాడేవాళ్ళ సంఖ్యతో పని లేదు. ఏ రాజ్యం కళ్ళతో చూస్తున్నామన్నదే లెక్క. ఈ పథకంలో గమనించాల్సిన మెలిక ఒకటుంది. కొలువు చేస్తానని విద్యార్థి మాట ఇస్తాడు గాని, కొలువు ఇస్తామని ప్రభుత్వం మాట ఇవ్వదు. నియామకాల్లో కొంత వెసులుబాటు కల్పించినా, ఉద్యోగం వెతుక్కోవాల్సింది ఆ విద్యార్థే. ముందు భాష, తర్వాత కుర్చీ అన్నమాట. తెలుగు నేల మీద ఇదే బేరం రెండు శతాబ్దాల కిందట సరిగ్గా తలకిందులుగా నడిచింది.

1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ వెలసినప్పుడు అందులో విద్యార్థులు అప్పటికే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు. ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర దొరలకు జీతం మొదలయ్యాక, జిల్లాకు పంపేలోపు తెలుగో తమిళమో కన్నడమో నేర్పడం ఆ కాలేజీ పని. పరీక్ష గట్టెక్కితే భత్యం పెరిగేది, గట్టెక్కకపోతే కచేరీకి పోస్టింగు ఆలస్యమయ్యేది. దాని వెనక ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పాలనా అవసరం దగ్గర ఆగిపోలేదు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని, అవి వేరే కుటుంబమని ఆయన 1816లో నిరూపించింది ఆ కాలేజీ విద్యార్థుల కోసం ఎ.డి. క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలోనే. ద్రావిడ భాషాశాస్త్రానికి పునాది రాయి అనదగ్గ ఆలోచన ఒక పాఠ్యపుస్తకం ముందుపేజీల్లో పడింది. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. కుర్చీ దొరికింది దొరలకే కాదు. పట్టాభిరామశాస్త్రి వంటి పండితులకు కూడా అక్కడ నెల జీతం మీద కొలువు దొరికింది. నేర్చుకునేవాడికీ నేర్పేవాడికీ ఒకే చూరు కింద పని చూపించడం ఆ కాలేజీ చేసిన అసలు పని.

1817లో మద్రాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఆ చూరు కింది నుంచి వచ్చినవాడే. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్ది, 1820లో పరీక్ష దాటి, కడపలో ఉద్యోగానికి వెళ్ళాడు. కంపెనీ కొనుక్కున్నది ఒక రెవెన్యూ ఉద్యోగిని. తెలుగుకు దక్కింది మాత్రం 1829లో అచ్చైన వేమన పద్యాలు, 1840 నాటి వ్యాకరణం, 1852లో మొదలై 1854కల్లా వెలువడిన నిఘంటువులు. కడపలో సొంత డబ్బు పెట్టి, అప్పులు చేసి, పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకుని, తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించిన మనిషి కథ మనకు తెలిసిందే. అయితే ఆ కథను ‘ఒక పిచ్చి దొర ప్రేమ’గా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. ప్రేమ నిజమే. కానీ ఆ ప్రేమకు ముప్పై ఏళ్ళకు పైగా జీతం, కచేరీ, జిల్లా, పండితులను పిలిపించగల హోదా దన్నుగా నిలబడ్డాయి. పై చదువుకని తెలుగు దేశం వచ్చి ఏడాదిలో పడవెక్కిపోయే మనిషైతే బ్రౌన్ ఎంత ప్రేమించినా వేమన దగ్గరే ఆగిపోయేవాడు. నిఘంటువు దాకా వచ్చేవాడు కాదు.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఆ కాలేజీలో వందలమంది కుర్రాళ్ళు పరీక్షలు రాశారు, బ్రౌన్ ఒక్కడే తేలాడు, కాబట్టి గొప్పతనం మనిషిదే గాని ఏర్పాటుది కాదనవచ్చు. మనుషుల తేడా ఉందని ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్కడి ముందూ వెనకా చూడండి. ముందు ఎల్లిస్, క్యాంబెల్ ఉన్నారు. ఆ వరస చిట్టచివర ఐ.సి.ఎస్. అధికారి జె.పి.ఎల్. గ్విన్ ఉన్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇక్కడే కొలువులో కొనసాగిన గ్విన్, ఉస్మానియా ఆచార్యుడు భద్రిరాజు కృష్ణమూర్తితో కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణం తెచ్చాడు, 1991లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. జిల్లాల్లో తిరిగిన అధికారి చెవికి, ఉస్మానియా భాషాశాస్త్రజ్ఞుడి శాస్త్రానికి పొత్తు కుదిరిన పుస్తకం ఆ వ్యాకరణం. కొలువు ఉన్నచోట బ్రౌన్‌లు పుడతారని చెప్పలేం గాని, లేనిచోట పుట్టి ఎదిగినవాళ్ళను వెతికి చూపించడం కష్టం. ఇంకో ఆక్షేపణ దీనికన్నా చేదైనది. ఆ భత్యాలు, జీతాలు రైతు కట్టిన శిస్తులోంచే వచ్చాయి, ఆ భాష నేర్చుకున్నది ఆ శిస్తు వసూలు చేయడానికే. అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఏర్పాటు న్యాయమైనదని నేను అనడం లేదు. అది ఎందుకు పనిచేసిందన్నదే నా ప్రశ్న.

నిజాం రాజ్యానికి వద్దాం. యువకులను పై చదువులకు ఇంగ్లండు పంపడం హైదరాబాదుకు పాత అలవాటు. 1895లో సరోజినీ చట్టోపాధ్యాయను నిజాం స్కాలర్‌షిప్పు మీద పంపారు. ఆమె డిగ్రీ లేకుండానే 1898లో తిరిగొచ్చి సరోజినీ నాయుడయ్యారు. ఆమె కోసం ఏ కచేరీలోనూ కుర్చీ ఎదురుచూడలేదు. (ఎదురుచూసి ఉంటే ఆడపిల్లకు ఇచ్చేవారా అన్నది వేరే సంగతి.) సరోజిని వెళ్ళిన మరుసటేడు అలాగే వెళ్ళిన మీర్ అహ్మద్ అలీ కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగు ముగించి రాగానే ప్రజాపనుల శాఖ చోటిచ్చింది. ఆయనే నిజాంసాగర్ కట్టిన నవాబ్ అలీ నవాజ్ జంగ్. వంతెనలకూ చెరువులకూ ఈ పద్ధతి చక్కగా అమరింది. భాషల దగ్గరికి వచ్చేసరికి రాజ్యం వేరే దారి పట్టింది. పరభాష నేర్చి రమ్మని మనిషిని పంపడం కన్నా, పరభాషలోని పుస్తకాన్నే ఇంటికి తెచ్చుకోవడం మేలనుకుంది. 1917లో ఉస్మానియా ఫర్మానా వెలువడిన ఏడాదే అనువాద శాఖ, దారుల్ తర్జుమా, మొదలైంది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి పెద్ద. వైద్యం, గణితం, న్యాయం, చరిత్ర వందల పుస్తకాలుగా ఉర్దూలోకి వచ్చాయి. జీతం మీద అనువాదకులు, జీతం మీద పరిభాషా నిపుణులు. అక్కడా కుర్చీయే ముందు. కాకపోతే రాజ్యంలో అత్యధికుల భాష తెలుగు. దానికి ఆ ప్రాంగణంలో దక్కింది రాయప్రోలు సుబ్బారావు నడిపిన ఒక శాఖ మాత్రమే. సొంత ఊళ్ళో తెలుగు కూడా ‘అరుదుగా నేర్పే భాష’ అయిన కాలం అది.

ఉస్మానియా నుంచి పై చదువుకు దూరదేశం వెళ్ళినవాళ్ళలో ఇద్దరి జీవితాలు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఎం.ఏ. కాగానే లండన్ వెళ్ళి డాక్టరేటు, ఆ తర్వాత పారిస్‌లో ధ్వనిశాస్త్రం చదివారు. హిందుస్తానీ ధ్వనుల మీద ఆయన పుస్తకం 1930లో వచ్చింది. తిరిగొచ్చి ఉస్మానియాలో ఉర్దూ చెప్పారు, 1931లో ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించారు, దక్కనీ సాహిత్యాన్ని దుమ్ము దులిపి బయటికి తెచ్చారు. రెండో ఆయన ముహమ్మద్ హమీదుల్లా. బాన్‌లో ఒక డాక్టరేటు, పారిస్‌లో మరొకటి. ఆయనా తిరిగొచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం బోధించారు. 1948లో హైదరాబాదు సమస్యను ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళిన బృందంలో వెళ్ళారు. ఆ సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యమే లేకుండా పోయింది. పంపిన సర్కారు మాయమైతే కొలువు ఎవరికి చేయాలి? ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు, ఖురాన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు. అక్కడే దశాబ్దాల పాటు పరిశోధన చేశారు. ఆ చదువంతా లోకానికి పనికొచ్చింది గాని, పంపిన ఊరికి అందకుండా పోయింది. జోర్, హమీదుల్లాల మధ్య పాండిత్యంలో తేడా లేదు, శ్రద్ధలోనూ లేదు. ఒకరి కుర్చీ మిగిలింది, మరొకరిది కూలింది.

ఈ వరసలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే ఘట్టం విదేశాలది కాదు, ఆదిలాబాదుది. 1940లో జోడెఘాట్ దగ్గర, తిరుగుబాటు చేసిన గోండు నాయకుడు కొమురం భీమ్ కాల్పుల్లో చనిపోయాక, గోండుల గోడు తన చెవిన పడకపోవడానికి కారణమేమిటని నిజాం సర్కారు ఆలస్యంగానైనా అడగక తప్పలేదు. కారణాల్లో భూమి మొదటిది, భాష రెండోది. అమీనూ పట్వారీ మాట్లాడేది ఉర్దూ, మరాఠీ, తెలుగు. ఫారెస్టు గార్డు సంగతీ అంతే. గోండీ వచ్చిన అధికారి లేడు. ఆ తిరుగుబాటు తర్వాత వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టాడు. 1943లో గోండీ విద్యా పథకం మొదలైంది. గోండు యువకులకే పంతుళ్ళుగా తర్ఫీదు ఇచ్చి, గోండీ వాచకాలు రాయించి, ఊళ్ళలో బళ్ళు పెట్టి, నెల జీతాల మీద నిలబెట్టారు. తర్వాత హైమెండార్ఫ్ సర్కారుకు గిరిజన సలహాదారుగా ఉంటూనే ఉస్మానియాలో మానవశాస్త్రం బోధించాడు. హైదరాబాదు సివిల్ సర్వీసు అధికారి సేతుమాధవరావు పగడి గోండీ, కొలామీ నేర్చుకుని వాటి మీద పుస్తకాలే రాశారు. సంకెళ్ళ లాంటి బాండు ఎక్కడా లేదు. నేర్చుకున్న భాషతో రేపు పొద్దున చేయాల్సిన పని మాత్రం ఎదురుగా ఉంది. ఆ పథకం రాజ్యంతో పాటే వెనకబడిపోయింది. అది వెనకబడిన తీరు కూడా నా మాటనే బలపరుస్తుంది: గోండు పంతుళ్ళ కొలువులు తగ్గేకొద్దీ బడిలో గోండీ కూడా తగ్గిపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత తార్నాకకు భాషల వ్యాపారం మరో రూపంలో వచ్చింది. 1957 అక్టోబరులో రష్యా స్పుత్నిక్ ఎగరేస్తే అమెరికా గుండెలు అదిరి, 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. దాని ఆరో అధ్యాయం కింద, అంతవరకూ అక్కడ ఎవరూ పట్టించుకోని ఆసియా, ఆఫ్రికా భాషలకు విశ్వవిద్యాలయాల్లో కేంద్రాలు, విద్యార్థులకు ఫెలోషిప్పులు పుట్టాయి. మనం గోధుమలు కొని రూపాయల్లో కట్టిన పి.ఎల్. 480 సొమ్ముతో, 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు అమెరికా గ్రంథాలయాలకు వెళ్ళాయి. మన రేషను గోధుమకు బదులుగా మన నవలలే పడవెక్కాయంటే నమ్మబుద్ధి కాదు గాని, జరిగిందదే. ఇటు అదే 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థ హైదరాబాదులో మొదలైంది. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ వచ్చింది, దానికి అధిపతి పెన్సిల్వేనియాలో డాక్టరేటు చేసి వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తి. 1964లో ఉస్మానియా ఆవరణలోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలసింది. కేంద్ర ఆంగ్ల సంస్థ 1972లో విదేశీ భాషలను పేరులో చేర్చుకుంది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయ్యింది.

అమెరికా డబ్బు పోసిన ఆ కాలంలో తెలుగుకు అక్కడ ఏమి మిగిలింది? ఫెలోషిప్పులు ఎన్ని ఇచ్చినా, తెలుగు నిలిచింది మనిషి కుదురుగా కూర్చున్నచోటే. 1971లో వెల్చేరు నారాయణరావు విస్కాన్సిన్ వెళ్ళి దశాబ్దాల పాటు అక్కడే బోధించారు కాబట్టి విస్కాన్సిన్ తెలుగుకు పేరైంది. అక్కడ చదివిన జీన్ రోఘైర్ పల్నాటి వీరుల కథను గాయకుడి నోట విని, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. తర్వాతి కాలంలో రక్షణ అవసరాల జాబితా అరబ్బీ, చైనీసు, రష్యన్ల వైపు బరువెక్కాక, తెలుగు పీఠాలకు ప్రభుత్వం కన్నా ప్రవాసులే దిక్కయ్యారు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్య పదవి కొప్పాక కుటుంబం ఇచ్చిన నిధితో వచ్చింది. పీఠం అన్న మాటకు మన భాషలో కూర్చునే పీట అనే అర్థం కూడా ఉండడం ఊరికే కాదేమో.

మళ్ళీ బోరెన్ పథకం దగ్గరికి వస్తే, దాని మీద అమెరికాలోనే ఒక అభ్యంతరం వచ్చింది. రక్షణ శాఖ సొమ్ముతో వెళ్ళే విద్యార్థిని పరాయి ఊళ్ళో గూఢచారి అనుకుంటారని, ఆ అనుమానం పరిశోధకులందరికీ అంటుకుంటుందని ఆఫ్రికా, లాటిన్ అమెరికా, పశ్చిమాసియా అధ్యయన సంఘాలు 1990ల మొదట్లోనే గొంతెత్తాయి. న్యాయమైన భయమే. అయితే ఆ అనుమానానికి మందు కొలువు షరతును ఎత్తేయడం కాదు, ఆ కొలువు ఏమిటో ముందే బయటపెట్టడం. మన విదేశాంగ సర్వీసులో కొత్తగా చేరిన అధికారికి ఒక విదేశీ భాష కేటాయిస్తారు. ఆ భాష నేర్చుకోవడానికి అది మాట్లాడే దేశంలోని మన రాయబార కార్యాలయానికే పంపుతారు. పరీక్ష దాటితేనే ఉద్యోగం ఖాయం. ఆయన ఎందుకు వచ్చాడో ఆతిథ్య దేశానికి మొదటిరోజే తెలుసు. రెండు వందల ఏళ్ళ కిందటి మద్రాసు కాలేజీ క్రమమే ఇది, దొరతనం తీసేసి. ఇక బాండు అంటే వెట్టిచాకిరీ అనేవాళ్ళకు నాది ఒక చిన్న సవరణ: పని చూపించి అడిగే సేవ ఒప్పందం, పని చూపించకుండా అడిగేది అప్పు. ఏడాదంతా అరుదైన భాష నేర్చి వచ్చి, ఆ భాషతో పనిలేని బల్ల దగ్గర కూర్చుని రోజులు లెక్కపెట్టేవాడు రెండో రకంలోకి వస్తాడు. యంత్రానువాదం వచ్చాక ఈ గొడవంతా ఎందుకనే మాట ఈమధ్య వినిపిస్తోంది. మెనూకార్డు చదవడానికి ఫోను చాలు. కోర్టు తీర్పులో ఒక క్రియ ఎవరిని ఉద్దేశించిందో తేల్చి సంతకం పెట్టడానికి మనిషి కావాలి.

ఇఫ్లూలో ఇవాళ అరబ్బీ, జపనీస్, స్పానిష్, రష్యన్, పర్షియన్, తుర్కీ వంటి భాషలు చదివేవాళ్ళు ఉన్నారు. ఆయా దేశాల ప్రభుత్వాలు కొందరిని తమ ఖర్చుతో పిలుచుకుంటాయి కూడా. చదువయ్యాక వాళ్ళలో చాలామంది వెళ్ళేది మాదాపూర్, గచ్చిబౌలి వైపు. అక్కడి కంపెనీలు కుర్చీ వేసి పిలుస్తున్నాయి, వెళ్ళడంలో తప్పేమీ లేదు. రాష్ట్ర ప్రభుత్వాలకు విదేశీ భాషతో పనేముంది, అది ఢిల్లీ వ్యవహారం కదా అని అడిగేవారికి గల్ఫ్ గుర్తు చేయాలి. జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ఊళ్ళ నుంచి లక్షలమంది ఆ దేశాలకు వెళ్ళారు. అక్కడి పని ఒప్పందం, పోలీసు కాగితం, లేబర్ కోర్టు తీర్పు, చివరికి మరణ ధ్రువీకరణ పత్రం దాకా అన్నీ అరబ్బీలోనే పుడతాయి. తార్నాకలో అరబ్బీలో ఎం.ఏ. చేసిన అమ్మాయికి జగిత్యాల కలెక్టరేటులో గల్ఫ్ కేసుల బల్ల దగ్గర ఒక కుర్చీ వేయడానికి బోరెన్ చట్టం అక్కర్లేదు, విమాన టిక్కెట్టు అక్కర్లేదు. ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు చాలు. ఆ కుర్చీ పడేదాకా, భర్త శవపేటికతో పాటు వచ్చిన కాగితంలో చావుకు ఏం కారణం రాశారో తెలుసుకోవడానికి ఆ ఊరి ఆడమనిషి మసీదు దగ్గర మౌల్వీ సాబ్ ఎప్పుడు ఖాళీ అవుతారా అని ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే.